రాత్రివేళ ఊపిరి అందక లేచేవారికి

ఆదికాండము రెండవ అధ్యాయంలో దేవుడు మొదటి మనిషికి ప్రాణం పోసింది ఊపిరి ద్వారానే అని చదువుతాం. ఆ ఊపిరి సవ్యంగా ఆడుతున్నంత కాలం దాని సంగతి మనకు జ్ఞాపకమే ఉండదు. పొలంలో కలుపు తీసేటప్పుడు, పొయ్యి ముందు కూర్చున్నప్పుడు, గుడిలో పాట పాడేటప్పుడు అది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. కాని నడిరేయి ఉలిక్కిపడి మెలకువ వచ్చి, నోరు తెరిచినా గాలి లోపలికి పోనట్టు అనిపించినప్పుడు ఎంత ధైర్యం గలవాడికైనా ప్రాణం మీద ఆశ పోతుంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. లేపుదామంటే పగలంతా కష్టపడి పడుకున్నవాళ్ళు, ఎందుకులే అనిపిస్తుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. తెల్లవారేసరికి ఆ మనిషి మామూలుగానే లేచి గేదె దగ్గరకు వెళ్తాడు. రాత్రి జరిగిన సంగతి ఎవరితోనూ చెప్పడు.

దేవుని కృప వలన నేను ముప్పై ఏళ్ళకు పైగా కోస్తా జిల్లాలోని ఒక మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. ఆ కాలంలో చాలా భాగం రాత్రి డ్యూటీలలోనే గడిచింది. నేను డాక్టరును కాను. మందులు రాసే అధికారం నాకు లేదు. అయితే మంచాల ప్రక్కన నిలబడి చూసిన దాని నుండి ఒక సంగతి నాకు బాగా అర్థమైంది. రాత్రి ఆయాసం అనేది ఒక జబ్బు పేరు కాదు. అనేక జబ్బులు పంపే కబురు అది. ఎవరు పంపారో తెలుసుకోవాలంటే ఆ రాత్రి ఏమి జరిగిందో ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి. డాక్టరు గారు చూసేది పగటిపూట. అప్పటికి రోగి నవ్వుతూ కూర్చుని ఉంటాడు. కాబట్టి చెప్పేవారు లేకపోతే ఆ కబురు అందదు.

మా ఆసుపత్రికి వచ్చిన ఒక సంఘ పెద్ద గారి సంగతి చెబుతాను. అరవై ఏళ్ళు దాటినవారు, మంచి రైతు. వారి ఇంట్లో వాళ్ళు పాస్టరు గారితో ఎంతో సంతోషంగా, "మా నాయన రాత్రంతా కూర్చుని ప్రార్థన చేస్తున్నాడండీ" అని చెప్పుకునేవారట. ఆయన ప్రార్థన చేసిన మాట నిజమే. కాని లేచి కూర్చున్నది అందుకు కాదు. పడుకుంటే ఊపిరి ఆడక. మొదట ఒక దిండు సరిపోయేది. తరువాత రెండు, మూడు. చివరికి మంచం మానేసి పడక కుర్చీలోనే రాత్రులు వెళ్ళబుచ్చారు. నిద్రపట్టిన గంటకో రెండు గంటలకో ఎవరో గొంతు నొక్కినట్టు మెలకువ వచ్చేది. లేచి వాకిట్లోకి వెళ్ళి అరుగు మీద కాళ్ళు క్రిందికి వ్రేలాడేసి కూర్చుంటే అరగంటకు నెమ్మదించేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. చెప్పులు బిగుతైపోతే కొత్తవి కొనుక్కున్నారే తప్ప ఎవరితోనూ అనలేదు. ఒక రాత్రి దగ్గుతో పాటు గులాబి రంగు నురగ వస్తే అప్పుడు తీసుకొచ్చారు.

అది గుండె పంపిన కబురు. గుండె బలహీనపడితే పగలు నిలబడి తిరిగేటప్పుడు ఒంట్లోని నీరు కాళ్ళలోకి దిగుతుంది. రాత్రి వెల్లకిలా పడుకోగానే అదే నీరు రక్తంలో కలిసి ఛాతీ వైపుకు మళ్ళుతుంది. బలహీనమైన గుండె దానినంతా ముందుకు నెట్టలేదు. అప్పుడు ఊపిరితిత్తులలో నీరు ఊరుతుంది. లేచి కూర్చుంటే నీరు మళ్ళీ క్రిందికి దిగుతుంది కాబట్టి తగ్గుతుంది. బి.పి. చాలాకాలం అదుపులో లేనివారికి, ఒకసారి గుండెపోటు వచ్చినవారికి, షుగరు ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మూత్రపిండాలు చెడినవారికి కూడా నీరు బయటకు పోక ఇలాగే అవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఈ మూత్రపిండాల జబ్బుతో పడుతున్న బాధ మనందరికీ తెలిసినదే.

ఆ పెద్ద గారికి నీరు తీసే ఇంజక్షన్లు, ఆక్సిజను పెట్టాక రెండు రోజుల్లో తేరుకున్నారు. వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. ఆయన భార్య ఆ నిద్ర చూసి ఏడ్చింది. ఉప్పు, ఊరగాయ తగ్గించాలనీ, మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదనీ చెప్పి పంపాము. ఏడాదిపాటు బాగున్నారు. తరువాత ప్రక్క ఊళ్ళో జరిగిన స్వస్థత కూటాలకు వెళ్ళారు. అక్కడ ప్రసంగించినవారు, విశ్వాసం ఉన్నవాడికి మాత్రలతో పనేమిటని అడిగారట. ఆయన ఇంటికి వచ్చి మాత్రలు మానేశారు. మూడు వారాలకు మళ్ళీ తీసుకొచ్చారు. ఆసారి మా చేతుల్లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన భార్య కొంగుముడి విప్పి మాత్రల పొట్లం నా చేతిలో పెట్టి, "సిస్టరమ్మా, దేవుడు పిలిచాడు, వెళ్ళాడు. నేనేమీ అనను. కాని ఇవి ఒక్కటి కూడా తగ్గలేదు చూడండి" అన్నది. ఆ మాట నేను ఎన్నటికీ మరువలేను.

ఈ విషయంలో మన విశ్వాసుల మధ్య గందరగోళం ఉంది గనుక కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. ప్రార్థన రోగిని స్వస్థపరచునని నేను నమ్ముతాను. వార్డులో ప్రతి రాత్రి ప్రార్థించే డ్యూటీ మొదలు పెట్టాము. అయితే హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించాడు, ఆయుష్షు పొడిగించాడు. అదే సమయంలో యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. తిమోతికి కడుపు జబ్బు ఉంటే పౌలు గారు ప్రార్థించి ఊరుకోలేదు, ఏమి పుచ్చుకోవాలో కూడా వ్రాశారు. సువార్త వ్రాసిన లూకా గారే వైద్యుడు. గుంటూరులో 1898లో డాక్టర్ అన్నా కుగ్లర్ గారు ఆసుపత్రి తెరిచిన నాటినుండి ఎందరు మిషనరీ డాక్టర్లు ఒక చేత్తో బైబిలు, ఒక చేత్తో మందు పట్టుకుని మన పల్లెలకు వచ్చారో తలంచండి. మందును దేవుని చేతిలోని పనిముట్టుగా ఎంచేవాడు అవిశ్వాసి కాడు.

గుండె జబ్బు ముసలివారికే అనుకోకూడదు. ఒక అత్తగారు తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలికి ఇరవై రెండేళ్ళు, ఆరవ నెల. చుట్టుప్రక్కల వాళ్ళందరూ కడుపుతో ఉన్నవాళ్ళకు ఆయాసం మామూలే అన్నారట. కాని ఆ అత్తగారు, "అమ్మగారూ, నేను ఐదుగురిని కన్నాను. నాకూ ఆయాసం ఉండేది. కాని ఈ పిల్ల నడిరేయి లేచి గుమ్మానికి చారగిలబడి కూర్చుంటోంది. ఇది మామూలు కాదు" అని చెప్పింది. ఆ ఒక్క మాటతో డాక్టరు గారు ఆ అమ్మాయి గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. పరీక్ష చేయిస్తే గుండె కవాటం ఒకటి సన్నబడి ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, ఆ తరువాత కీళ్ళు వాచి జ్వరం తగిలిందట. కీళ్ళవాతపు జ్వరం కీళ్ళను విడిచిపెట్టినా కొందరిలో గుండెను విడిచిపెట్టదు. గర్భిణిలో రక్తం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఇరుకైన కవాటం గుండా అంత రక్తం పోలేక ఊపిరితిత్తులలో నిలుస్తుంది. ఆ అమ్మాయిని పట్నం పంపితే తొడ దగ్గర నరం గుండా సన్నని గొట్టం పంపి, బెలూనుతో కవాటాన్ని వెడల్పు చేశారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. ఆ తరువాత కూడా ఆమె మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షను తప్పకుండా వేయించుకునేది. ఆ ప్రాణాన్ని కాపాడటానికి దేవుడు ముందుగా వాడుకున్నది రాత్రి కోడలిని గమనించిన ఆ అత్తగారి కళ్ళనే.

ఇక ఉబ్బసం సంగతి. ఇది నేను పుట్టింట్లోనే చూశాను. మా అమ్మకు ఉబ్బసం ఉండేది. గుండె ఆయాసం తరచుగా నిద్రపట్టిన కొద్దిసేపటికే లేపితే, ఉబ్బసం ఎక్కువగా తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు లేపుతుంది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. ఊపిరి లోపలికి తీయడం కంటే బయటకు వదలడం కష్టమౌతుంది. గాలి గొట్టాలను తెరిచి ఉంచే హార్మోన్లు మన శరీరంలో రాత్రిపూట తగ్గుతాయి గనుక ఆ వేళకు గొట్టాలు మరింత ముడుచుకుంటాయి. దానికి తోడు దూదిదిండులో, పాత బొంతలో కంటికి కనిపించని దుమ్ముపురుగులు ఉంటాయి. దోమల కోసం మంచం క్రింద వెలిగించిన చుట్ట పొగ, పశువుల కొట్టంలో వేసిన పొగ కూడా ఇంట్లోకి వస్తాయి.

మా అమ్మ ఎన్నో ఏళ్ళు మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేప మందు మింగి వచ్చేది. నేను ఆమెను గాని, ఆ వరుసలో నిలబడేవారిని గాని ఎగతాళి చేయను. ఊపిరి అందనివాడు ఏ తలుపైనా తడతాడు. కాని ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని వైద్యశాస్త్రంలో రుజువు కాలేదు. ఏడాదికి ఒక రోజు మందుతో అణిగే జబ్బూ కాదు ఇది. డాక్టరు గారు పీల్చే మందు రాస్తే అమ్మ, "పంపు పెట్టారంటే ఇక చివరికొచ్చినట్టే, ఒకసారి అలవాటైతే వదలదు" అని బీరువాలో దాచిపెట్టింది. ఈ మాట ఇప్పటికీ ప్రతి ఊరిలో వింటాను. నిజానికి పీల్చే మందు అలవాటు చేసే మందు కాదు. మాత్ర మింగితే అది ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పీల్చే మందు కొద్దిపాటి మోతాదులోనే తిన్నగా అక్కడికి వెళ్తుంది. చివరకు మా పాస్టరమ్మగారు తన పంపు తెచ్చి అమ్మ ఎదుట పీల్చి చూపించాకనే అమ్మ మెత్తబడింది. ఆ తరువాత పన్నెండేళ్ళు ఆమె తెల్లవారుజామున దేవుని స్తుతించడానికే లేచింది, ఆయాసంతో కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చే పంపు వేరు, గొట్టాలలో వాపు తగ్గించడానికి రోజూ పీల్చవలసినది వేరు. చాలామంది మొదటిదే మళ్ళీ మళ్ళీ పీల్చి రెండవది మానేస్తారు. అది ప్రమాదం. అప్పటికప్పుడు తగ్గించే మందు మాటిమాటికీ కావలసి వస్తోందంటే జబ్బు ముదురుతోందని అర్థం. ఏది దేనికో డాక్టరు గారినే అడిగి తెలుసుకోండి.

పొగకు గురైన ఊపిరితిత్తుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బీడీలు, చుట్టలు కాల్చే పురుషులకే అది వస్తుందనుకుంటాం. జీవితమంతా పిడకలు, కంప పెట్టి ఊదుడు గొట్టంతో పొయ్యి ఊదిన మన తల్లులు ఒక్క బీడీ కాల్చకుండానే అదే జబ్బుతో వార్డుకు వచ్చేవారు. గ్యాసు పొయ్యి ఉండీ సిలిండరు ఖర్చుకు వెనకాడి, చలికాలం నీళ్ళు కాచడానికి కట్టెలే వాడుతున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కనీసం ఆ పొయ్యినైనా ఆరుబయట పెట్టండి.

మన పల్లెల్లో "ఇస్నోఫీలియా" అనే మాట అందరూ వాడతారు. రాత్రిపూట ఆగని పొడిదగ్గు, పిల్లికూతలు, ఆయాసం వస్తే ఆ పేరే పెడతారు. దీని వెనుక మన క్రైస్తవ వైద్యసేవకు సంబంధించిన చరిత్ర ఒకటి ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో అనేక మిషన్లు కలిసి స్థాపించిన క్షయ ఆసుపత్రి ఉండేది. అక్కడి డేనిష్ మిషనరీ వైద్యుడు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ గారు, ఆయన తోటి వైద్యుడు బార్టన్ గారు కలిసి, క్షయలాగా కనబడినా క్షయ కాని ఒక జబ్బు గురించి 1940లో వ్రాశారు. ఈ రోగుల రక్తంలో ఇయోసినోఫిల్ అనే కణాలు విపరీతంగా పెరిగి ఉండేవి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల పిల్లలకు శరీరం తిరగబడటం వలన ఇది వస్తుందని తరువాతి కాలంలో తేలింది. అందుకే ఫైలేరియా దోమలున్న జిల్లాల్లో ఇది కనిపిస్తుంది. ఫైలేరియాకు ఇచ్చే మందుతోనే చాలామందికి నయమౌతుంది. అయితే రక్తంలో ఆ కణాలు కొంచెం పెరిగిన ప్రతి మనిషికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. ఆ పేరు మనమే పెట్టుకుని, మందుల షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవద్దు.

కడుపు నుండి వచ్చే కబురు ఇంకొకటి. పెళ్ళి భోజనమో, క్రిస్మసు విందో రాత్రి పొద్దుపోయాక కడుపునిండా తిని వెంటనే నడుం వాలిస్తే, కడుపులోని పులుపు పైకి ఎగదన్ని గొంతులోకి వస్తుంది. ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ లేస్తారు. నోరు పుల్లగా, ఛాతీ మంటగా ఉంటుంది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం, మంచం తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం, ఎడమ ప్రక్కకు తిరిగి పడుకోవడం వీటితో చాలామందికి తగ్గుతుంది. కాని "గ్యాస్" అనే మాటతో మాత్రం జాగ్రత్త. గుండె జబ్బులు ఎన్నో ఆ మాట చాటున దాగివుండటం నేను చూశాను. నలభై దాటినవారు ఇ.సి.జి. తీయించుకోకుండా గ్యాస్ అని తమకు తాము తీర్పు చెప్పుకోకూడదు.

ఇప్పుడు మా వారి సంగతి వ్రాస్తే ఆయన కోప్పడరనే నమ్మకంతో వ్రాస్తున్నాను. ఆయన ఉపాధ్యాయులు. గురక పెడితే వీధి చివరి వరకు వినిపించేది. పిల్లలు నవ్వుకునేవారు. నన్ను భయపెట్టింది గురక కాదు, గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం. ఛాతీ కదులుతుంది, గాలి మాత్రం పోదు. ఒక రాత్రి నా చేతి గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. పది, ఇరవై, ముప్పై సెకన్లు. తరువాత గట్టిగా ఎగపీల్చి, ఒక్కసారి ఉలికిపడి, మళ్ళీ గురక. ఆయనకు ఇదేమీ తెలియదు. "నాకేమయింది? నేను హాయిగా నిద్రపోతున్నాను. నిద్ర లేనిది నీకు" అనేవారు. కాని తెల్లవారితే తలనొప్పి, పగలు కుర్చీలో కునుకు. ఆదివారం ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకే తల వాలిపోయేది. అది భక్తి తక్కువై కాదు. ఒకరోజు మోటారు సైకిలు మీద కునుకు పట్టి కాలువ గట్టు దాకా వెళ్ళి ఆగారు. అప్పుడు పరీక్షకు ఒప్పుకున్నారు.

నిద్రలో గొంతు వెనుక కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. ఒంట్లో ఆక్సిజను తగ్గగానే మెదడు ఉలికిపడి మనిషిని లేపుతుంది. గంటకు ముప్పై సార్లు, అంతకు మించి ఇలా జరిగితే తీవ్రమని లెక్క. దీని వలన బి.పి. పెరుగుతుంది, గుండెకూ మెదడుకూ ప్రమాదం. ముక్కుకు తొడుగు పెట్టి, మెల్లగా గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే యంత్రాన్ని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ గారు ప్రపంచానికి పరిచయం చేశారు. మా వారు ఇప్పుడు అదే పెట్టుకుని పడుకుంటారు. బరువు కూడా తగ్గారు. ప్రసంగం చివరి వరకు వింటున్నారు. లారీ, ఆటో, ట్రాక్టరు నడిపేవారు ఇంట్లో ఉంటే ఈ సంగతి అశ్రద్ధ చేయకండి.

చివరిగా, మనసు నుండి వచ్చే ఆయాసం. భర్త పోయిన ఒక సహోదరి ప్రతి రాత్రి గుండె దడతో, చేతులు తిమ్మిరెక్కి, చచ్చిపోతున్నాననే భయంతో లేచేది. అన్ని పరీక్షలూ చేశారు, గుండె బాగుంది. కొందరు ఆమెకు విశ్వాసం చాలదన్నారు. డాక్టరు గారు అలా అనలేదు. దుఃఖం శరీరాన్ని కూడా పట్టుకుంటుందనీ, దీనికి వైద్యం ఉందనీ చెప్పారు. మా స్త్రీల సమాజం వారు నెల రోజులు వంతులవారీగా ఆమె ఇంట్లో పడుకున్నారు. మందుతో పాటు ఆ తోడు ఆమెను నిలబెట్టింది. మరికొందరికి మెలకువ వచ్చినా కాలూ చెయ్యీ కదలదు, గుండెల మీద ఏదో కూర్చున్నట్టు ఉంటుంది. ఊళ్ళో దయ్యం అంటారు. కలలు వచ్చే నిద్రలో దేవుడు మన కండరాలను వదులు చేసి ఉంచుతాడు. మనసు ముందు మేల్కొని, ఒళ్ళు ఇంకా మేల్కొనకపోతే ఇలా అనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాలలో అదే విడిపోతుంది. హాస్టలు పిల్లలకు, నిద్ర చాలనివారికి ఇది ఎక్కువ. ఆ పిల్లలను తాయెత్తుల వారి దగ్గరకు తిప్పకండి, భయపెట్టకండి.

కాబట్టి డాక్టరు గారి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఈ సంగతులు జ్ఞాపకం చేసుకుని వెళ్ళండి. ఎన్ని గంటలకు మెలకువ వచ్చింది? ఎన్ని దిండ్లు కావాలి? లేచి కూర్చుంటే తగ్గిందా, ఎంతసేపటికి? పిల్లికూతలు, దగ్గు, పులుపు, గురక వీటిలో ఏది ఉంది? కాళ్ళు వాస్తున్నాయా? రోజూ ఏ మందులు వాడుతున్నారు? ప్రక్కన పడుకునేవారు కూడా వెంట వెళ్ళడం మంచిది. గురక సంగతి రోగికంటే వారికే తెలుస్తుంది. రక్తం తక్కువైనా ఆయాసం వస్తుంది గనుక ఆ పరీక్ష కూడా అడగండి.

కొన్నిటికి తెల్లవారేదాకా ఆగకూడదు. ఛాతీ నొప్పి, పెదవులు గాని గోళ్ళు గాని నీలంగా మారడం, నురగతో కళ్ళె, ఒక్క వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోవడం, మగతగా ఉండటం, ఒకే కాలు వాచి ఉన్నట్టుండి ఆయాసం రావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోను చేయండి. 2005లో మన ప్రాంతంలో మొదలైన ఈ సేవకు డబ్బు కట్టనవసరం లేదు. బండి వచ్చేలోగా మనిషిని పడుకోబెట్టవద్దు. కాళ్ళు క్రిందికి పెట్టి కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. కిటికీలు తెరవండి. నోట్లో నీళ్ళు పోయవద్దు. ప్రార్థన చేసేవారు తప్పక చేయండి, కాని చుట్టూ మూగి గాలి ఆపకుండా కొంచెం ఎడంగా నిలబడి చేయండి.

ప్రియులారా, మన సంఘాలలో ప్రార్థన మనవులు అడిగేటప్పుడు పంటల గురించి, పిల్లల చదువుల గురించి అడుగుతాం. ఇకమీదట పెద్దవారి ఇంటికి వెళ్ళినప్పుడు, "రాత్రి నిద్ర ఎలా పడుతోంది? వెల్లకిలా పడుకోగలుగుతున్నారా?" అని కూడా అడగండి. భారము ఒకరిదొకరు మోయడమంటే ఇది కూడాను. దావీదు నాలుగవ కీర్తనలో నెమ్మదిగా పడుకుని నిద్రపోవడాన్ని దేవుడిచ్చిన మేలుగా ఎంచి పాడాడు. ఆ మేలు మీ ఇంటిలోని ప్రతి ఒక్కరికీ కలుగునట్లు, మన ఊపిరికి కర్తయైన దేవుడు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.